మల్లి తల దించితేనే పాట

పోయిన ఆదివారం చర్చిలో క్లారినెట్ వాయిస్తూ పాట మధ్యలో ఆగిపోయాను. ముందు వరసలో కునుకు తీస్తున్న ఒక పెద్దాయన ఉలిక్కిపడి తలెత్తాడు. అంతే, నా ఊపిరి దానంతటదే ఆగింది. పాడుతున్నవాళ్ళు నా వైపు తిరిగారు. పాస్టరుగారు కళ్ళద్దాల మీదుగా చూశారు. దగ్గొచ్చినట్టు నటించి గండం గట్టెక్కాను. నిజం చెప్తే ఎవరు నమ్ముతారు? ఎదురుగా ఉన్న ప్రాణి బెదిరి తలెత్తితే వాయించడం ఆపేయాలని నాకు నేర్పిన మనిషికి సంగీతం ముక్క రాదు. రాగమంటే ఏడుపు రాగం ఒక్కటే తెలుసామెకు. అదైనా ఎవరన్నా తీస్తే కసిరేది.

ఆమె ఈ వానలకు ముందే పోయింది. పేరు రాయను. రాసినా వాళ్ళ గల్లీలో ఎవరూ గుర్తుపట్టరు. దబీర్‌పురా స్టేషన్ వెనక సందులో అందరికీ ఆమె "మల్లి వాళ్ళమ్మ". పిల్లలు పుట్టాక తల్లుల పేర్లు మాయమైపోవడం మనకు కొత్తేమీ కాదు. కాకపోతే మల్లి ఆమె కడుపున పుట్టిన పిల్ల కాదు, తెల్ల ఆడగుర్రం. వాళ్ళది తాతలనాటి పాల వ్యాపారం. కొట్టం నిండా నల్లటి బర్రెలు, వాటి మధ్య ఈ ఒక్క తెల్ల గుర్రం. కొత్తగా పాలకొచ్చినవాళ్ళు దీని పాలు కూడా అమ్ముతారా అని అడిగేవారు.

"అమ్ముతం. తాగినోడు సకిలిస్తడు. పర్వాలేదా?" అనేది మొహంలో నవ్వు లేకుండా.

నేను పగలు రైల్వే పార్సిల్ ఆఫీసులో మూటలకు చీటీలు అంటించేవాణ్ణి. సాయంత్రాలు పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాణ్ణి. దేవుడి పాటలకోసం నేర్చుకున్న వాద్యాన్ని బారాత్‌లకు అమ్ముకుంటున్నానని మా అమ్మ చాలాకాలం నాతో ముభావంగా ఉండేది. మా బ్యాండుకు పెద్ద, మాస్టర్ భాయ్. పొట్టి మనిషి, పెద్ద మీసాలు, నోట్లో ఎప్పుడూ పాన్. ఆయన దుకాణానికి ఒకరోజు మల్లి వాళ్ళమ్మ వచ్చి మెట్టు మీద నిలబడింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చేతులకు ఇంకా పాల వాసనతో.

"మీరొచ్చి మా కొట్టం కాడ వాయించాలె."

"ఎవరి పెండ్లమ్మా?" అన్నాడు మాస్టర్ భాయ్.

"పెండ్లి గాదు. మా గుర్రానికి డప్పంటే భయం. అది పోవాలె."

మాస్టర్ భాయ్ పకపకా నవ్వాడు. "అమ్మా, మేం వాయించేది బారాత్‌లల్ల. గుర్రాల దవాఖాన నడుపుతలేం."

ఆమె నవ్వలేదు. "ఈ ఊర్ల బారాత్ ఆగుతదా భాయ్? మా గల్లీలకెల్లి దినాం ఏదో ఒక డప్పు పోతనే ఉంటది. డప్పాగదు. దానికి భయమన్నా ఆగాలె గద," అంది.

ఆ మాటకు మాస్టర్ భాయ్ పాన్ నమలడం ఆపి ఆమెను ఒకసారి కింది నుంచి పైదాకా చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు పో. నీది మెత్తగ మోగుతది," అన్నాడు. నన్ను ఆయన మెచ్చుకున్నది జీవితంలో ఆ ఒక్కసారే. అదీ గుర్రం కోసం.

మల్లి అంతకుముందు ఒక పెళ్ళిగుర్రాలాయన దగ్గర డ్యాన్సు గుర్రం. బారాత్‌లో డప్పుకు కాళ్ళెత్తి గంతులేసే గుర్రాన్ని చూసి మనం ఈలలు వేస్తాం. దానికి ఆ ఆట ఎలా వచ్చిందో నేనెన్నడూ ఆలోచించలేదు. అందరూ ఒకే రకంగా నేర్పుతారని అనను కానీ, మల్లికి నేర్పినవాడు రెండు గుంజల మధ్య తల బిగించి కట్టి, పక్కన డప్పు కొట్టిస్తూ, దరువుకొక దెబ్బ చొప్పున ముందరి కాళ్ళ మీద కర్రతో కొట్టాడట. కొన్నాళ్ళకు కర్ర అక్కర్లేదు. డప్పు వినపడితే చాలు, దెబ్బ పడుతుందని కాళ్ళు వాటంతటవే లేస్తాయి. మనం దాన్ని హుషారు అనుకుంటాం. అలా ఎగిరి ఎగిరి మల్లికి కాలు కుంటుపడింది. కుంటి గుర్రాన్ని వదిలించుకోవాలని యజమాని చూస్తుంటే, ఈమె చూడితో ఉన్నదాన్నీ వట్టిపోయినదాన్నీ కాదు, చక్కగా పాలిస్తున్న బర్రెను విప్పి వాడి చేతికి తాడిచ్చి, గుర్రాన్ని ఇంటికి నడిపించుకొచ్చింది. గల్లీ గల్లీ నవ్వింది. ఆమె మేనల్లుడు, అంటే అన్న కొడుకు, పాల వ్యాపారమంతా చూసుకునేవాడు, వారం పాటు అన్నం దగ్గర తప్ప ఆమెతో మాట్లాడలేదు.

"ఏందక్కా, పాలిచ్చే బర్రెనిచ్చి కుంటి గుర్రాన్ని తెచ్చినవంట?" అని నేనూ అడిగాను మొదటి రోజు, పరిచయం పెంచుకుందామని.

"బర్రెకు నేను గాకపోతే ఇంకొకడు గడ్డేస్తడు. దీనికెవడేస్తడు?" అంది. "అటు పోయి నిలబడు తమ్మీ. ఆ స్టేషన్ గోడ చివరకు. ఇంకా అటు. ఆఁ, ఆడ."

నేను గోడ చివర నిలబడ్డాను. ఆమె కొట్టంలో పాలు పిండే పీట మీద కూర్చుంది, నా వైపు వీపు పెట్టి. ఆమె చూస్తున్నది మల్లిని. మల్లి గడ్డి తింటోంది. చెయ్యి ఊపగానే మెల్లగా ఒక పాత పాట పల్లవి ఎత్తుకున్నాను. ఒక్క లైను అయిందో లేదో ఆమె చెయ్యి పైకి లేచింది. ఆపాను.

"ఇంగ చాలు. రేపు రా."

"ఒక్క లైనే గదక్కా వాయించిన."

"దానికి చాలు. నమిలేది ఆపింది, చూడలేదా? తల లేపి నమిలేది ఆపిందంటే అది వింటున్నట్టు గాదు, పరేషాన్ల పడ్డట్టు. అది పడకముందే నువ్వు ఆపాలె."

ఇలా ఎన్ని సాయంత్రాలు గడిచాయో లెక్క పెట్టలేదు. మల్లి తల దించి గడ్డి నములుతుంటే వాయించాలి, తల ఎత్తిందా, ఆపాలి. మళ్ళీ దించేదాకా అందరం నోరు మూసుకుని కూర్చోవాలి. కళాకారుణ్ణని నాకు కొంచెం పొగరుండేది. చప్పట్లకు అలవాటు పడ్డవాణ్ణి. ఇక్కడ గడ్డి నమిలే చప్పుడే నాకు చప్పట్లు అని తెలుసుకోవడానికి కొంతకాలం పట్టింది. గోడ చివర నుంచి విద్యుత్ స్తంభం దాకా, అక్కడి నుంచి కొట్టం గుమ్మం దాకా, ఒక్కో అడుగూ ఆ గుర్రమే నాకు దయచేసింది.

మొదట నవ్వడానికి వచ్చిన మాస్టర్ భాయ్ తర్వాత రోజూ రావడం మొదలుపెట్టాడు. తర్వాత ట్రంపెట్ వాళ్ళొచ్చారు. చివరికి డోలు వచ్చింది. డోలును ఆమె వెంటనే వాయించనివ్వలేదు. నేల మీద పడుకోబెట్టించి దాని మీద ఉస్మాన్‌గంజ్ నుంచి తెచ్చిన ఉలవలతో చేసిన గుగ్గిళ్ళు పోసింది. మల్లి దూరం నుంచి మెడ సాగదీసి, ముక్కుపుటాలు అదురుతుంటే, ఒక్కో గింజ ఏరుకుంది. తర్వాత డోలంతా నాకేసింది. డోలు వాయించేవాడు "నా డోలు ఎంగిలైంది" అని లొల్లి పెట్టాడు.

"దాని భయం కూడ గట్లనే ఎంగిలైతది. ఊకో," అంది ఆమె.

ఆ మాట ఆమె ఏదో గొప్పగా అనాలని అనలేదు. వాడి నోరు మూయించడానికి అంది. నేను మాత్రం దాన్ని దాచుకున్నాను.

ఆమె మీద నాకు గౌరవం అక్కణ్ణుంచి మొదలైంది. అయితే మనుషుల దగ్గర ఆమెలో అంత ఓపిక ఉండేది కాదని కూడా చెప్పాలి. గుర్రం బెదిరితే గంటసేపు కూర్చునే మనిషి, మేనల్లుడి భార్య చాయ్‌లో చక్కెర ఎక్కువేస్తే అక్కడికక్కడే కప్పు కింద పెట్టేసేది. మమ్మల్ని ఎవర్నీ ఒక్క మంచి మాట అన్నది లేదు. ఇంత వాయించాం కదా, ఎట్లుందక్కా అంటే, "నాకేం ఎరుక, దాన్నడుగు," అనేది. మాస్టర్ భాయ్ నిజంగానే వెళ్ళి మల్లిని అడిగాడు ఒకసారి. అది ఆయన టోపీ లాగింది.

గుర్రంతోపాటు పాత యజమాని దాని కళ్ళెం కూడా ఇచ్చాడు. నోట్లో ఉండే ఇనుప కడ్డీకి ముళ్ళున్న కళ్ళెం. మల్లి పెదాల మూలల్లో ఆ మచ్చలు చివరిదాకా పోలేదు. ఆ కళ్ళేన్ని ఆమె కొట్టం గుమ్మం పక్కన మేకుకు వేలాడదీసి, మల్లి తలకు మెత్తటి నూలుపట్టీ అల్లి కట్టింది. "కళ్ళెం లేకుండ గుర్రం మాటింటదా?" అని ఎవరైనా అంటే, లేచి వెళ్ళి ఆ కళ్ళెం తీసి వాళ్ళ చేతిలో పెట్టేది.

"ముందు నువ్వు నోట్లె పెట్టుకో. ఎవరి మాటింటవో చూద్దాం."

మల్లి కాలు బాగయ్యాక దాన్ని బారాత్‌లకు పంపడానికి ఒప్పుకుంది. మేనల్లుడి పోరు ఒకటి, నిలబెట్టి మేపితే గుర్రం పాడవుతుందని ఆమెకే అనిపించడం ఒకటి. "నడవాలె, నలుగురిని చూడాలె. మనిషైనా గంతే," అనేది. కానీ షరతులు పెట్టింది. వాటిల్లో మొదటిదాన్ని పాతబస్తీలో కథలాగా చెప్పుకున్నారు. గుర్రానికి పెళ్ళిచూపులు.

పెళ్ళికి ముందు రోజు పెళ్ళికొడుకు తనంతట తాను కొట్టానికి రావాలి. అత్తరు పూసుకోకూడదు. ఫోను జేబులో పెట్టుకోవాలి. చేతిలో బెల్లం ముక్కతో కొట్టం మధ్యలో ఊరికే నిలబడాలి. మల్లి దగ్గరకు అతను పోకూడదు, మల్లే రావాలి. వచ్చి వాసన చూసి బెల్లం తింటే సంబంధం ఖాయం. చెవులు వెనక్కి పెట్టి మొహం తిప్పుకుందా, ఈమె పెళ్ళికొడుకు తండ్రికి నమస్కారం పెట్టేది.

"మా పిల్ల ఒప్పుకోలేదు బాపూ. ఏమనుకోకుండ్రి. కారు మాట్లాడుకోండ్రి."

తిట్టినవాళ్ళున్నారు. ఏకంగా పంచాయతీ పెడతామన్నవాళ్ళున్నారు. ఆమె చలించేది కాదు. "మీ కోడలి దగ్గరికి పోయినప్పుడు అడిగిండ్రు గద, ఇష్టమేనా బిడ్డా అని. మోసేది ఇది. దీన్నడగొద్దా?" ఒకసారి బాగా లావుపాటి పెళ్ళికొడుకు వచ్చాడు. మల్లి బెల్లం తిని అతని చెయ్యి కూడా నాకింది. ఆమె ఇరకాటంలో పడింది. చివరికి అతని భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు మస్తు మంచి పిల్లగానివి బిడ్డా. గుర్రానికే నడుము చిన్నగున్నది," అంది. అతను నవ్వుతూ వెళ్ళిపోయాడు. మనిషి మనసు నొప్పించకుండా ఆమె మాట్లాడటం నేను విన్నది అప్పుడే.

జీను వేసే ముందు మల్లి వీపు మీద చెంప ఆనించి, ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా జరిపేది. మొదట్లో ముద్దు చేస్తోందనుకున్నాను. "పాలు పిండి పిండి చేతులు మొద్దువారినయ్ తమ్మీ. గడ్డిపోచ ఉన్నా తెల్వది. చెంపకైతే తెలుస్తది," అంది. జీనుకు వేలాడే రికాబులో కాలు పెట్టి ఎక్కితే గుర్రం నడుముకు నొప్పని, పాలు పిండే పీట వెంట తెచ్చి పెళ్ళికొడుకుల్ని దాని మీద నుంచి ఎక్కించేది. "మూట లెక్క పడకు. కూసో," అనేది. ఎప్పుడైనా నువ్వెక్కావా అక్కా అని అడిగితే, "బర్రెనిచ్చింది దాన్ని ఇడిపించనీకె, నన్ను మోసే బాకీ లేదు దానికి," అని కొట్టిపారేసింది.

పూల దగ్గర కూడా ఇదే గొడవ. మల్లికి కట్టే దండలకోసం తెల్లారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పోయేది. ఇనుప తీగతో గుచ్చిన దండ కొనదు, నారతో కట్టినదే. పూలలో గన్నేరు ఉందేమోనని ఒక్కో దండ విప్పి చూసేది, ఎందుకంటే మల్లికి తన దండ తాను తినే అలవాటు, గన్నేరు తింటే గుర్రం బతకదు. పెళ్ళికొడుకు మెడలో దండను కూడా విప్పించి చూసేది. "దీనమ్మ, పూలేరుకుంట కూసుంటది. మనకు వేరే పని లేదు," అని మేనల్లుడు బండి స్టార్టు చేసి విసుక్కునేవాడు.

ఇక ఆ బారాత్ సంగతి.

పెళ్ళికొడుకు మందుల దుకాణంలో పనిచేసే బక్కపలుచని కుర్రాడు. పెళ్ళిచూపుల్లో మల్లి అతని బెల్లం తిని, జేబులు కూడా వెతికింది. సాయంకాలం ఇంకా వెలుగుండగానే బయలుదేరాం. బ్యాండు ముందు, మా వెనక గుర్రం. మాస్టర్ భాయ్‌ది ఎప్పుడూ మా వైపు తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ చెయ్యి ఊపే పద్ధతి. కాబట్టి మా తలల మీదుగా ఆయనకు కనిపించేది మల్లి మొహం. ఫంక్షన్ హాలు మలుపు దగ్గర పెళ్ళివాళ్ళ చుట్టం ఎవరో రోడ్డు మధ్యలో పటాకుల లడి పరిచి అంటించాడు. మల్లి దిగ్గున తలెత్తింది.

మాస్టర్ భాయ్ చెయ్యి కిందపడింది. మేమంతా ఆగిపోయాం.

ఇక్కడ మా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. అన్నాళ్ళ సాధనలో గుర్రానికి బ్యాండు అలవాటైందని మురిసిపోయాం. అలవాటైంది గుర్రానికే కాదు, మాకు కూడానని ఎవరమూ కనిపెట్టలేదు. మల్లి తల ఎత్తితే ఆగడం మా ఒళ్ళల్లోకి దిగిపోయింది. ఏ బ్యాండూ చెయ్యని పని, నడిరోడ్డు మీద, జోరుగా సాగే బారాత్ మధ్యలో, ఒక్క సైగకు చేసేశాం. డ్యాన్సు చేస్తున్న కుర్రాళ్ళు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి మమ్మల్ని చూశారు.

పటాకులు ఇంకా పేలుతున్నాయి. మల్లి ముందరి కాలు పైకి లేచింది. ఆ కాలెత్తడం చూసి జనం ఈలలు వేశారు. "నాచ్, నాచ్" అని అరిచారు. అది ఆట కాదని, పాత దెబ్బ అని మాకు తెలుసు. 

పెళ్ళికొడుకు మేనమామ దూసుకొచ్చాడు. "ఏంది మాస్టర్, బారాత్ల బ్యాండ్ బంద్ చేస్తరా ఎవలన్నా?"

"ఆదత్ పడిపోయింది సాబ్," అన్నాడు మాస్టర్ భాయ్, తల గోక్కుంటూ. అలవాటైపోయిందన్నది నిజమే.

మల్లి వాళ్ళమ్మ ఎవర్నీ పట్టించుకోలేదు. పీట తెచ్చి జీను పక్కన పెట్టింది. "దిగు బిడ్డా."

"పెండ్లికొడుకు నడిచిపోతడా? మా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు మేనమామ.

"నడిస్తే పోయే ఇజ్జత్ గుర్రమెక్కితే నిలుస్తదా?"

మేనమామ ఇంకేదో అనబోయాడు. పైనున్న కుర్రాడు ముందుకు వంగి మెల్లగా అన్నాడు. "మామా, దీని గుండె కొట్టుకునుడు నా కాళ్ళకు తెలుస్తున్నది. దిగుత." దిగాడు. దిగి, ఆమె చెప్పకుండానే మల్లి మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"అది తల దించేదాక ఉండుండ్రి," అంది ఆమె. ఆర్డరు వేసినట్టు కాదు, కూర పొయ్యి మీదుంది కాసేపు ఆగండి అన్నట్టు.

అంత జనమూ ఆగింది. పటాకులు అయిపోయాయి, పొగ తేలిపోయింది. మల్లి చెవులు సడలాయి. కాలు నేలకు ఆనింది. తల కిందికి దిగి, పెళ్ళికొడుకు మెడలో చామంతి దండ వాసన చూసి, ఒక కొస పట్టుకుని నమలడం మొదలుపెట్టింది. ఎవరో ఆడపిల్ల కిసుక్కుమంది. మాస్టర్ భాయ్ చెయ్యి లేచింది. మేం ఎత్తుకున్నాం. పెళ్ళికొడుకు సగం తిన్న దండతో, గుర్రం పక్కన నడుస్తూ ఫంక్షన్ హాలు చేరాడు. అంత అందమైన బారాత్ నేను మళ్ళీ చూడలేదు.

ఆ ముచ్చట ఎవరో ఫోనులో తీశారు. అది ఊరంతా తిరిగింది. గుర్రానికి జోల పాడే బ్యాండని మా మీద నవ్వారు. పెళ్ళికొడుకును దింపేసే గుర్రాన్ని ఎవరు పిలుస్తారు? డ్యాన్సు చేసే గుర్రాలే కావాలన్నారు, వాటి వెనక పెద్ద పెద్ద స్పీకర్ల బండి. మల్లికి పని దాదాపు ఆగిపోయింది. మాకూ తగ్గింది.

ఒక సాయంత్రం నేను కొట్టానికి వెళ్ళేసరికి మేనల్లుడు ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. గుర్రాలకు డ్యాన్సు నేర్పే మనిషి. గుంజలు ఎక్కడ పాతాలో కళ్ళతో కొలుచుకుంటున్నాడు. మేనల్లుడు చెడ్డవాడు కాదు. తెల్లారితే బర్రెల దాణాకే సతమతమయ్యేవాడు.

"అత్తా, బర్రెలు పాలిస్తయ్. ఇది ఏమిస్తది మనకు? చెప్పు," అన్నాడు.

మల్లి అప్పుడు గడ్డి తింటోంది. ఆమె దాని వైపు చూసింది. "తల దించుతది," అంది.

"గదేం మాట?"

"వచ్చిన కొత్తల గిది తల దించి గడ్డి తినలేదురా. నిలబడి నిద్రపోయినా చెవులు డప్పు మీదనే. ఇప్పుడు సూడు. నాకు గంతే చాలు." గుమ్మం దగ్గరకెళ్ళి మేకు మీది కళ్ళెం తీసి మేనల్లుడి చేతిలో పెట్టింది. అందరికీ చెప్పే మాట ఈసారి చెప్పలేదు. "నేనున్నన్ని దినాలు దీన్ని గుంజకు కట్టనియ్య. నేను పోయినంక నీ చేతులనే ఉంటది. నీ ఇష్టం," అంది.

అతను ఆ కళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ మేకుకు తగిలించాడు. వచ్చినాయన్ని తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె పీట మీద కూర్చుని, నాకు చాయ్ కూడా ఇప్పించకుండా, చాలాసేపు మల్లిని చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు ఆమె భయపడింది. తన చావు గురించి కాదు, తర్వాత ఆ తాడు ఎవరి చేతిలో ఉంటుందో అని. నాకూ అదే దిగులు పట్టుకుంది.

ఎండాకాలం చివర ఒక పొద్దున పాలు పిండుతూ పీట మీద నుంచి పక్కకు ఒరిగింది. కబురు తెలిసి మర్నాడు మేం వెళ్ళేసరికి పాడె కట్టడం అయిపోయింది. బ్యాండు మేమే వాయిస్తామన్నాం. డప్పులవాళ్ళను చుట్టాలు వేరే పిలిచారు. మేనల్లుడు తెల్లవారుజామునే గుడిమల్కాపూర్ పోయి పూలు తెచ్చాడని ఎవరో అన్నారు. పాడె నిండా చామంతి, బంతి.

"గుర్రాన్ని కొట్టంల ఇడిచిపెడితే గుంజుకుంటది," అని మల్లిని కూడా తనే పట్టుకుని పాడె పక్కన నడిపించాడు. అతని మొహం చూస్తే ఏమీ తెలియలేదు. మేం ముందు వాయిస్తూ, మాస్టర్ భాయ్ అలవాటుగా వెనక్కి నడుస్తూ, స్టేషన్ మలుపు దాకా వచ్చాం. అక్కడ రైలు కూత వేసింది. అదే సమయానికి డప్పుల దరువు పెరిగింది. మల్లి తలెత్తింది.

మాస్టర్ భాయ్ చెయ్యి పడింది, మేం ఆగాం. డప్పులవాళ్ళకు ఏం తెలుసు? వాళ్ళు కొడుతూనే ఉన్నారు. మల్లి ముందరి కాలు లేచింది.

మేనల్లుడు డప్పుల వైపు తిరిగి చెయ్యెత్తాడు. "ఆపుండ్రి."

డప్పులు ఆగాయి. పెద్దమనిషి ఒకాయన దగ్గరకొచ్చాడు. "ఈడ ఎందుకురా? దింపుడు కల్లం ఇంకా ముందున్నది."

"ఈడనే దింపుండ్రి," అన్నాడు.

పాడెను రోడ్డు వారన దింపారు. పోయినవాళ్ళలో ఏమూలో ప్రాణం ఉండి, అయినవాళ్ళు పిలిస్తే లేస్తారేమోనని దారిలో దింపి చెవిలో పిలవడం మన ఆచారం. మేనల్లుడు మల్లి తాడు వదలకుండానే మోకాళ్ళ మీద కూర్చుని ఆమె చెవి దగ్గరికి వంగాడు. "అత్తా," అన్నాడు. మూడుసార్లు పిలిచాడు. ఆమె లేవలేదు.

 మల్లి కాలు దించింది. ఒకడుగు ముందుకేసింది. మెడ సాచి, ముక్కుతో ఆమె గుండెల మీది చామంతి దండను వాసన చూసి, తల దించి తినడం మొదలుపెట్టింది.

"ఛీ, పాడె మీది పూలు. గుంజు దాన్ని," అని పెద్దాయన కర్ర ఎత్తాడు.

మేనల్లుడు ఆ కర్రను చేత్తో పట్టుకున్నాడు. "తిననియ్యుండ్రి. గన్నేరు లేదు, తీగ లేదు. ఒక్కొక్కటి నేనే ఏరి తెచ్చిన."

మాస్టర్ భాయ్ కళ్ళు తుడుచుకుని చెయ్యెత్తాడు. నేను ఊపిరి తీసుకుని, మొదటి సాయంత్రం గోడ చివర నిలబడి వాయించిన ఆ ఒక్క లైను, అంత మెల్లగానే, ఎత్తుకున్నాను. మల్లి నములుతూనే ఉంది.